వాడిన ఆకు, తడిసిన మట్టి

కుండీలో మొక్క తల వాల్చగానే నీళ్ళు చాలలేదనుకుంటారు. చాలాసార్లు అది నిజమే. అయితే నీళ్ళు ఎక్కువైన మొక్క కూడా అచ్చం అలాగే వాడుతుంది. ఆకు నిటారుగా నిలబడేది దాని కణాల్లోని నీటి ఒత్తిడి వల్ల. మట్టిలో తడి లేకపోతే ఆ ఒత్తిడి పడిపోతుంది. మట్టి నిండా నీరు నిలిచి వేళ్ళు కుళ్ళినా పడిపోతుంది, ఎందుకంటే ఆ నీటిని పీల్చే వేరు మిగలదు. కారణాలు పూర్తిగా వేరు, కనబడే లక్షణం మాత్రం ఒకటే. ఇంటి మొక్కలు ఎక్కువగా చచ్చేది ఈ పోలిక దగ్గరే: మునిగిపోతున్న మొక్కకు దాహమనుకొని ఇంకో చెంబెడు పోస్తారు.

మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు భివండీలో ఈ పొరపాటుకు వాతావరణమే దారి తీస్తుంది. పద్మనగర్, కామత్‌ఘర్ వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో చాలామంది మూలాలు తెలంగాణ నేత ఊళ్ళలో ఉన్నాయి. తెలంగాణలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 900 మిల్లీమీటర్లు. భివండీ ఉన్న థానే జిల్లాలో అది సుమారు 2,500. పైగా ఆ వానంతా దాదాపుగా జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. సొంతూళ్ళో రోజూ నీళ్ళు పోసే అలవాటు ఇక్కడ జూలైలో మొక్క ప్రాణం తీస్తుంది. మేలో మాత్రం రేకుల ఇంటిపై పెట్టిన కుండీ పొద్దున తడిపితే సాయంత్రానికి ఎండుతుంది. కాబట్టి ఏడాది పొడవునా ఒకే కొలత పనికిరాదు.

తేడా పట్టడం కష్టం కాదు. వేలిని రెండు అంగుళాల లోతుకు దించాలి. పైమట్టి పొడిగా ఉన్నా కింద తడి ఉండవచ్చు, అందుకే పైపైన చూసి తేల్చకూడదు. కుండీని కొంచెం పైకెత్తినా తెలుస్తుంది: ఎండిన కుండీ తేలికగా లేస్తుంది, మట్టి అంచుల నుంచి విడిపోయి ఉంటుంది, ఆకుల కొసలు పెళుసుబారతాయి. నీరు ఎక్కువైన కుండీ బరువుగా ఉంటుంది, కింది ఆకులు మెత్తగా పసుపెక్కుతాయి, మట్టి మురుగు వాసన వేస్తుంది, చిన్న నల్ల దోమల్లాంటి పురుగులు ముసురుతాయి. వేళ కూడా ముఖ్యమే. మందార ఎండవేళ వాలి సాయంత్రానికి తేరుకుంటే దానికి జబ్బేమీ లేదు. తెల్లవారేసరికి కూడా వాలే ఉంటే అప్పుడు వెతకాలి.

ఎండిన మొక్కను బతికించడం తేలిక, కానీ పైనుంచి చెంబెడు పోస్తే చాలదు. బాగా ఎండిన మట్టి, ముఖ్యంగా కొబ్బరిపొట్టు కలిసినది, నీటిని తోసేస్తుంది. పోసిన నీరు అంచుల సందులోంచి జారి అడుగు చిల్లుల్లో బయటికి వచ్చేస్తుంది. మట్టి తడిసిందనుకుంటారు, వేళ్ళు పొడిగానే ఉంటాయి. కుండీని సగం వరకూ నీళ్ళున్న బకెట్లో అరగంట ఉంచి, బుడగలు ఆగాక తీసి, నీరు ఓడ్చి నీడన పెట్టాలి. లేత మొక్కలు చాలావరకు కొన్ని గంటల్లోనే లేచి నిలబడతాయి.

నీరు ఎక్కువవడమే అసలు సమస్య. వేళ్ళకు గాలి కావాలి. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అందుకే మట్టి సందులు నీటితో నిండిపోతే వేరు ఊపిరాడక చస్తుంది, ఆపై పిథియం వంటి శిలీంధ్రాల్లాంటి జీవులు కుళ్ళును పెంచుతాయి. మొదట నీళ్ళు ఆపి, కింది పళ్ళెం తీసేసి, వాన పడని వెలుతురు చోటుకు మార్చాలి. వాసన వస్తుంటే మొక్కను పెకలించి చూడక తప్పదు. తెల్లగా గట్టిగా ఉన్న వేళ్ళు ఉంచి, నల్లబడి పట్టుకుంటే తోలు ఊడివచ్చేవి కత్తిరించాలి. వేళ్ళు ఎంత పోయాయో చూసి కొమ్మల్ని కూడా అంతకు తగ్గించాలి. తిరిగి కొత్త మట్టిలో, చిన్న కుండీలో నాటి, కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వేయకూడదు. వేళ్ళన్నీ పోతే పైన గట్టిగా ఉన్న కొమ్మ కత్తిరించి నాటాలి. తులసి, మందార, మనీప్లాంట్ అలా బతుకుతాయి.

తులసి సంగతి విడిగా చెప్పాలి. స్నానం చేసి రోజూ నీళ్ళు పోయడం ఇంటి ఆచారం. ఇక్కడి కొంకణపు వానలో ఆ భక్తే దాని వేళ్ళను కుళ్ళబెడుతుంది. వానాకాలంలో ఉద్ధరిణెడు నీళ్ళు సమర్పిస్తే ఆచారమూ నిలుస్తుంది, మొక్కా నిలుస్తుంది.

ఇక కుండీ విషయం. రంగుడబ్బాల్లో, నూనె టిన్నుల్లో పెంచేవారు అడుగున నాలుగైదు చిల్లులు పెట్టితీరాలి. అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందన్నది తప్పుడు నమ్మకం. సన్నమట్టి తడిని పట్టుకొని రాళ్ళలోకి అంత త్వరగా వదలదు, ఆ చిత్తడి వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది. మట్టి బంకగా ఉంటే ఇసుక, కొబ్బరిపొట్టు, బాగా మాగిన ఎరువు మట్టి మొత్తంలో కలపడమే మార్గం. సైజింగ్ (నూలుకు గంజి పెట్టడం), అద్దకం పనుల నుంచి వచ్చిన నీటిని ఏ మొక్కకూ పోయరాదు.

ఊరికి వెళ్ళినప్పుడు కుండీలు ఎండకుండా ఉండటానికి ఈ సాంచాల (మరమగ్గాల) ఊరిలో చేతికందే సాధనం నూలు తుక్కు. కొన్ని పోగులు పేనిన ఒత్తి ఒక కొసను మట్టిలో లోతుగా దించి, రెండో కొసను పక్కన పెట్టిన నీళ్ళ బకెట్లో ముంచితే తడి తానే పాకుతుంది. అయితే పచ్చి నూలుకు సహజంగా మైనం ఉంటుంది, పడుగు నూలుకు దానికి తోడు గంజి ఉంటుంది. రెండూ నీటిని పీల్చనివ్వవు. ముందుగా వాషింగ్ సోడా వేసి ఉడికించి, బాగా కడిగి, ఒత్తిని తడిపాకే వాడాలి. పత్తి ఒత్తి మట్టిలో కొన్నాళ్ళకు కుళ్ళుతుంది, పాలిస్టర్‌ది ఎక్కువ కాలం ఉంటుంది. వాన మొదలవగానే ఆ ఒత్తిని తీసేయండి.