ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రం జారుతుంటే భరించడమే మార్గమా?

ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఆ గ్రంథిని పూర్తిగా తొలగించే ఆపరేషన్ జరిగిన మగవారిలో కొందరికి దగ్గినా, తుమ్మినా, కుర్చీలోంచి లేచినా మూత్రం జారిపోతుంది. మూత్రాన్ని ఆపి ఉంచే కండర వలయం ప్రొస్టేట్‌ను ఆనుకునే ఉంటుంది కాబట్టి ఆపరేషన్‌లో అది దెబ్బతినవచ్చు. కటి కండరాల వ్యాయామాలతో చాలామందికి కొన్ని నెలల్లో ఇది తగ్గుతుంది. ఏడాది దాటినా తగ్గనివారు మాత్రం 'ప్రాణం దక్కింది, అదే చాలు' అనుకుని, ప్యాడ్లు పెట్టుకుని, పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ దూరమవుతుంటారు. అలా సరిపెట్టుకోవాల్సిన పనిలేదు.

లీకేజీ ఎక్కువగా ఉన్నవారికి కృత్రిమ స్ఫింక్టర్ ఉంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో బ్రాంట్లీ స్కాట్ 1972లోనే దీన్ని అమర్చారు. ఇందులో మూత్రనాళం చుట్టూ ద్రవం నిండిన పట్టీ, వృషణాల సంచిలో చిన్న పంపు, పొత్తికడుపులో బెలూన్ ఉంటాయి. పట్టీ నాళాన్ని నొక్కి మూసి ఉంచుతుంది. చర్మం పైనుంచే పంపును నొక్కితే ద్రవం బెలూన్‌లోకి వెళ్లి దారి తెరుచుకుంటుంది. కొద్ది నిమిషాల్లో పట్టీ తనంతట తానే మళ్లీ నిండుతుంది. బ్యాటరీ అక్కర్లేదు. లీకేజీ తక్కువగా ఉంటే నాళానికి కింది నుంచి ఆసరా ఇచ్చే 'స్లింగ్' అనే వల పట్టీ సరిపోవచ్చు.

ఇవి మంత్రదండాలు కావు. ఇన్ఫెక్షన్ రావచ్చు, పట్టీ నాళాన్ని ఒరిపిడి చేయవచ్చు, కొన్నేళ్లకు పరికరం అరిగి మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చు. బ్రిటన్‌లో 380 మందితో ఈ రెండు పద్ధతులనూ పోల్చిన 'మాస్టర్' అధ్యయనం 2021లో వెలువడింది. కాస్త జారినా లీకేజీగానే లెక్కిస్తే, ఏడాది తర్వాత కూడా రెండు వర్గాల్లోనూ 80 శాతం మందికి పైగా ఆ కోవలోకే వచ్చారు. అయినా బాధ బాగా తగ్గిందని, తృప్తిగా ఉన్నామని ఎక్కువమంది చెప్పారు. కాబట్టి 'పూర్తిగా ఆగుతుంది' అని చెప్పడం ఎంత తప్పో, 'ఇక చేసేదేమీ లేదు' అనడమూ అంతే తప్పు.

నా అభిప్రాయంలో మార్పు డాక్టరు గదిలోనే మొదలవ్వాలి. లీకేజీ అవకాశాన్నీ, దానికున్న చికిత్సలనూ ప్రొస్టేట్ ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. తర్వాతి పరీక్షల్లో పీఎస్ఏ విలువతోపాటు 'రోజుకు ఎన్ని ప్యాడ్లు వాడుతున్నారు?' అనీ అడగాలి. మన దేశంలో కృత్రిమ స్ఫింక్టర్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. దీన్ని సోకుగా కాక, క్యాన్సర్ చికిత్సలో భాగంగా ఆరోగ్య బీమా పథకాలు చూడాలి. రోగి సిగ్గుతో నోరు విప్పకపోతే, ముందుగా అడగాల్సిన బాధ్యత వైద్యులదే.