కార్బైడ్ కండలు

ఏప్రిల్ వచ్చిందంటే నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల్లో మామిడి కోతలు ఊపందుకుంటాయి. కోతల వెనకాలే తనిఖీల వార్తలూ వస్తాయి. ఫలానా గోదాములో కార్బైడ్ పొట్లాలు దొరికాయని, టన్నులకొద్దీ కాయలు గుంత తీసి పూడ్చారని. మంచిదే. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడాన్ని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. 2015లో ఉమ్మడి హైకోర్టు ఈ వ్యవహారాన్ని తనంతట తానే విచారణకు చేపట్టి రెండు తెలుగు ప్రభుత్వాలనూ నిలదీసింది. కార్బైడ్ బదులు 100 పీపీఎం మించకుండా ఇథిలీన్ వాయువు వాడుకోవచ్చని 2016లో వ్యాపారులకు దారీ చూపారు. పండు తినేవాడి ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ ఉన్నందుకు సంతోషమే. ఆ కాయల్ని లారీకెత్తే కుర్రాడు సాయంత్రం జిమ్ములో వేయించుకుంటున్న సూది మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఆ సూదిలో ఉండేది టెస్టోస్టెరాన్, లేదంటే దాని చుట్టం నాండ్రోలోన్. రెండూ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందులు. చీటీ ఎవరు రాశారని అడిగితే ‘కోచ్ చెప్పాడు’ అనే జవాబే వస్తుంది. హైదరాబాద్‌లో ఇంకో అడుగు ముందుకే వేశారు. మత్తు ఇచ్చాక రక్తపోటు పడిపోతే ఆపరేషన్ థియేటర్లో వాడాల్సిన మెఫెంటర్‌మైన్‌ను వ్యాయామానికి ఊపునిచ్చే మందుగా అమ్ముతూ కొందరు పట్టుబడ్డారు. నగరంలో ఆమాత్రం నిఘా అయినా ఉంది. మన చిన్న పట్టణాల సంగతేమిటి?

కార్బైడ్ వేసిన బంగినపల్లిని చేతిలోకి తీసుకుని చూడండి. ఒళ్లంతా ఒకే పసుపు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన ఉండదు. కోస్తే పైన మెత్తగా, టెంక దగ్గర తెల్లగా, నోట్లో పెట్టుకుంటే పుల్లగా ఉంటుంది. రంగు తిరిగింది గాని కాయ పండలేదు. మూడు నెలల్లో బాడీ తెప్పిస్తామనే హామీతో తయారయ్యే ఒళ్లూ ఇంతే. పైకి మెరుస్తుంది, లోపల కాయ కాయగానే ఉంటుంది. కాకపోతే పండు చెడితే గుంతలో పూడ్చేస్తాం.

లోపల జరిగేది చెప్పడానికి మనకు పరాయి ఉదాహరణలు అక్కర్లేదు, సంక్రాంతి బరి చాలు. పందెం పుంజుకు ఎర్రటి జుట్టు, కూత, ఎగబడి పొడిచే రోషం ఎక్కడినుంచి వస్తున్నాయో 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో బెర్తోల్డ్ అనే ఆయన ఆరు పుంజుల మీద పరీక్షించి చూశాడు. వృషణాలు తీసేసిన పుంజు కూయలేదు, పోట్లాడలేదు, జుట్టు ముడుచుకుపోయింది. వృషణాన్ని తిరిగి పొట్టలో పెడితే అన్నీ వచ్చాయి. నరాలతో పని లేకుండా రక్తంలో కలిసే పదార్థమేదో ఇదంతా చేయిస్తోందని అప్పుడు తేలింది. ఆ పదార్థాన్ని పట్టుకుని టెస్టోస్టెరాన్ అని పేరు పెట్టేసరికి 1935 వచ్చింది. అది కూడా వంద కిలోల ఆబోతు వృషణాలను వడపోస్తే దొరికింది 10 మిల్లీగ్రాములు. అదే ఏడాది బ్యూటెనాంట్, రుజిచ్కా దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1939 రసాయన శాస్త్ర నోబెల్ ఆ ఇద్దరిదే. అన్నట్టు, మన కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టి, ఇనుప గొలుసులు తెంచి పేరు తెచ్చుకున్న నాటికి ఈ మందుకు పేరు కూడా లేదు.

ఆబోతుల నుంచి అంత కష్టపడి పిండిన ఆ రసం మన ఒంట్లో రోజూ నాలుగైదు మిల్లీగ్రాములు, ఎవరూ అడక్కుండానే తయారవుతుంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి కబురు పంపితే వృషణాలు పనిచేస్తాయి. బయటినుంచి సూది దిగగానే పిట్యూటరీ ‘సరుకు చాలినంత ఉంది’ అనుకుని కబురు ఆపేస్తుంది. వృషణాలు చిన్నబోతాయి, శుక్రకణాల తయారీ పడకేస్తుంది. ఇది ఊహ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే సూదిని మగవారి గర్భనిరోధకంగా పరీక్షించి 1990లో ఫలితాలు ప్రకటించింది. వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున 271 మందికి ఇస్తే, 157 మంది వీర్యంలో ఆరు నెలల్లో శుక్రకణం ఒక్కటి కూడా మిగల్లేదు. పిల్లలు పుట్టకుండా ఆపడానికి పనికొచ్చే మందును మన కుర్రాళ్లు మగతనం పేరు మీద కొనుక్కుంటున్నారు. పెళ్లయ్యి రెండేళ్లు దాటాక సంతాన సాఫల్య కేంద్రం మెట్లెక్కేది మాత్రం మొదట కోడలే. కొడుకు జిమ్ముకెళ్లిన సంగతి అక్కడ ఎవరూ ఎత్తరు. సూదులు మానేస్తే చాలామందికి కొన్ని నెలల్లో కణాలు తిరిగొస్తాయి. కొందరికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. అప్పటికీ రానివాళ్లున్నారు.

మామిడి రైతుకు ఈ కథ కొత్తది కాదు. కల్టార్ మందు సంగతి అతనికి తెలుసు. చెట్టు మొదట్లో పోస్తే దాని పెరుగుదల హార్మోన్ తగ్గి, కొమ్మ సాగాల్సిన సత్తువ పూతకు మళ్లుతుంది. కొలత ప్రకారం, సరైన చెట్టుకు, సరైన అదనులో పోస్తే మేలే. తోటను రెండు మూడేళ్లకు గుత్తకు పట్టినవాడికి ఆ లెక్కలు పట్టవు. ఎక్కువ పోస్తాడు, పూత కళ్లజూస్తాడు, కాయ కోసుకుని వెళ్లిపోతాడు. ఆ తర్వాత గిడసబారిన చెట్టుతో తిప్పలు పడేది తోట ఆసామి. జిమ్ములో సూది అమ్మేవాడూ గుత్తదారే. అతనికి కావాల్సింది గోడ మీద పెట్టుకోవడానికి ఒక ఫొటో. ఆ ఒంటితో ఇంకో యాభై ఏళ్లు బతకాల్సినవాడు వేరే ఉన్నాడు.

అందం కోసమేగా అంటారు. ఆ లెక్కా చూద్దాం. మోతాదు మించిన టెస్టోస్టెరాన్‌లో కొంత ఒంట్లోనే ఈస్ట్రోజన్‌గా మారుతుంది, మగవాడికి రొమ్ములు పెరుగుతాయి. కొంత డీహెచ్‌టీ అనే మరో హార్మోన్‌గా మారుతుంది, బట్టతల వంశంలో ఉంటే అది ముందే పలకరిస్తుంది. వీపంతా మొటిమలు. రక్తం చిక్కబడుతుంది. ఆడవాళ్లకు చదరపు దవడ, బండ కండలే నచ్చుతాయన్న సిద్ధాంతమూ గట్టిగా నిలబడలేదు. ఊరు మారితే, దేశం మారితే ఆ ఇష్టం మారుతోందని పరిశోధనలే చెప్పాయి. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది యువకులను ఏళ్లతరబడి గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. మొదట టెస్టోస్టెరాన్ ఎక్కువున్నవాళ్లు తండ్రులయ్యే అవకాశం ఎక్కువ. తండ్రి కాగానే అది బాగా పడిపోయింది. బిడ్డను రోజుకు మూడు గంటలకు పైగా చూసుకునే తండ్రుల్లో ఇంకా తక్కువ. చంటిపిల్లను భుజాన వేసుకుని తిరిగే మగవాడి రక్తపరీక్ష చూసి ‘లోటు ఉంది’ అనే వ్యాపారికి ఈ సంగతి తెలియదనుకోవాలా? ఇక అందం సంగతికొస్తే, నూజివీడు పేరు నిలిపిన చిన్నరసం మామిడి చూపుకు ఆనదు. చెయ్యంత ఉండదు, పండినా రంగు దిగదు. చేత్తో పిసికి తొడిమ తీసి జుర్రుకున్నవాడు మాత్రం దాని రంగు గురించి మాట్లాడడు.

జిమ్ము కుర్రాడు ఒకవైపు, నలభై దాటిన నాన్న మరోవైపు. ఇద్దరికీ వల ఒకటే. బస్టాండు గోడల మీద, రైలు పట్టాల వెంట ‘నరాల బలహీనత, మగతనం, గ్యారంటీ వైద్యం’ అంటూ ఫోన్ నంబర్లు. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో డాక్టరుగారు దొరుకుతారని. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే 72 ఏళ్ల పేరున్న శాస్త్రవేత్త కుక్కల, గినీపందుల వృషణాల రసం పొడిపించుకుని యవ్వనం తిరిగొచ్చిందని ప్రకటించాడు. అది నీళ్లతో తీసిన రసం. టెస్టోస్టెరాన్ నీటిలో కరిగేదే కాదు. పనిచేసింది ఆయన నమ్మకం. లాడ్జి వైద్యుడు నేటికీ అమ్ముతున్నది అదే. విజయవాడలో డాక్టర్ సమరం లాంటివారు దశాబ్దాలుగా పత్రికల్లో లైంగిక సందేహాలకు ఓపిగ్గా జవాబులు రాసినా ఆ లాడ్జి గదులు ఖాళీ కాలేదు. లైంగిక సామర్థ్యం పెంచుతామని ప్రకటనలివ్వడం 1954 నాటి మాయామందుల ప్రకటనల చట్టం కింద నేరం. మొదటిసారికే ఆరు నెలల జైలుకు వీలుంది. డెబ్బై ఏళ్ల చట్టానికి గోడ మీది అక్షరాలు కనిపించకపోవడం ఆశ్చర్యమే.

ఇంత చెప్పి, టెస్టోస్టెరాన్ చికిత్సే వద్దంటే తప్పవుతుంది. పుట్టుకతో క్లైన్‌ఫెల్టర్ లోపమున్నవారికి, పిట్యూటరీలో గడ్డ వచ్చినవారికి, గవదబిళ్లలు వృషణాలకు పాకి దెబ్బతిన్నవారికి అది కొత్త జీవితం. వాళ్లు సిగ్గుతో ఇంట్లో కూర్చుంటే, అవసరం లేనివాళ్లు క్యూ కడుతున్నారు. డెసిలీటరుకు 300 నానోగ్రాముల కన్నా తక్కువ ఉందని రెండు వేర్వేరు రోజుల్లో, పొద్దున్నే తీసిన రక్తంలో తేలాలి, దానికి తోడు లక్షణాలుండాలి. అప్పుడే లోపమంటారు. మధ్యాహ్నం భోంచేసి ఒక్క పరీక్ష చేయించుకుని మందు మొదలుపెట్టేది వైద్యం కాదు. నిజంగా లోటున్నవారికైనా కాపలా కావాలి. లోటు, గుండెజబ్బు ముప్పు రెండూ ఉన్న 5 వేల మందికి పైగా మగవాళ్ల మీద అమెరికాలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం గుండెపోట్లు పెరగలేదని ఊరటనిచ్చింది. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కొంత ఎక్కువని హెచ్చరించింది.

మన జిల్లాల్లో నీరసానికి అసలు కారణం చక్కెర జబ్బూ కావచ్చు. టైప్ 2 మధుమేహమున్న మగవారిలో పావువంతు నుంచి మూడోవంతు దాకా టెస్టోస్టెరాన్ తక్కువగా ఉంటుంది. బొజ్జ తగ్గితే అదీ పెరుగుతుంది. వారంపాటు రాత్రికి ఐదు గంటలే నిద్రపోతే పడుచువాళ్లలో కూడా 10 నుంచి 15 శాతం పడిపోతుంది. సీజన్లో రాత్రుళ్లు లోడింగ్ చేసే హమాలీకి ఏ సూది కావాలో దీన్నిబట్టి తెలుస్తుంది. తేనెమంచు పురుగుకు మూతికి గుడ్డ కూడా లేకుండా మందు కొట్టే కూలీ మరో సంగతి. కేరళలోని కాసర్‌గోడ్ జీడిమామిడి తోటల్లో హెలికాప్టర్ల నుంచి ఎండోసల్ఫాన్ పురుగుమందు చల్లిన చోట మగపిల్లల్లో టెస్టోస్టెరాన్ తక్కువగా ఉందని, యుక్తవయసు ఆలస్యమైందని 2003లో అధ్యయనం వచ్చింది. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును ఆపించింది. మగతనం గురించి బెంగపడేవాళ్లు తమ తోటలో స్ప్రేయరు మోసేవాడికి మాస్కు, చేతితొడుగులు కొనిచ్చారా?

ప్రభుత్వం చేయాల్సినవి కష్టమైనవేమీ కాదు. మందుల దుకాణాల్లో టెస్టోస్టెరాన్, నాండ్రోలోన్, మెఫెంటర్‌మైన్ బిల్లులను చీటీలతో సరిచూడాలి. చీటీ లేని దుకాణం లైసెన్సు ఆగాలి. జిమ్ములో సిరంజి దొరికితే జిమ్ము మూతపడాలి. 1954 చట్టం కింద గోడ మీది నంబర్లకే ఫోన్ చేసి కేసు రాయొచ్చు. నేరస్తుడు తన చిరునామా తానే రాసిపెట్టిన నేరాలు మన రాష్ట్రంలో ఎన్నో లేవు. ప్రతి ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక్క పూటైనా మగవాళ్లు తలదించుకోకుండా కూర్చుని అడిగే గది ఒకటి కావాలి.

కార్బైడ్‌ను పట్టేది ఆహార భద్రతా అధికారి, సూదిని పట్టాల్సింది డ్రగ్ ఇన్‌స్పెక్టర్. శాఖలు వేరని చేతులు దులుపుకోవచ్చు. ఈ వేసవిలో మామిడి గోదాముల తనిఖీకి జీపు బయల్దేరేటప్పుడు రెండో ఆయన్నీ ఎక్కించుకోండి. గోదాము నుంచి జిమ్ముకు రెండు వీధులే.