రోత అనుకుంటే పాఠం పోతుంది

సంపాదకులకు,

పురుగులు, పుర్రెలు, చీము నెత్తుటి వింతలు నింపిన పుస్తకాలు పిల్లల అభిరుచిని చెడగొడుతున్నాయని గత ఆదివారం మీరు వేసిన వ్యాసంతో ఏకీభవించలేను.

ఇది కొత్త జబ్బేమీ కాదు. శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ, శంకర్ గీసినది, దశాబ్దాల పాటు చందమామలో వచ్చింది. ఆ పేజీ కోసం అన్నదమ్ములు కొట్టుకున్న ఇళ్లెన్నో. వాళ్ల అభిరుచికి ఏం లోటొచ్చింది?

ఇక రోత సంగతి. ఈగకు నమిలే నోరు లేదు. గట్టి పదార్థం మీద వాలి, ఉమ్మి కక్కి, దాన్ని కరిగించి పీల్చుకుంటుంది. ఇది విన్న పిల్లవాడు ఛీ అంటాడు, నవ్వుతాడు, ఆనక మూత లేని మిఠాయి పళ్లెం వైపు చూడడు. కొంకిపురుగు పిల్ల మట్టిలోంచి ఒట్టి కాళ్ల చర్మం తొలుచుకుని లోపలికి పోతుంది, పేగుల్లో చేరి రక్తం తాగుతుంది. ఏటా ఫిబ్రవరి 10న బడుల్లో అల్బెండజోల్ మాత్ర మింగించేది ఇలాంటి పురుగుల కోసమే. ఏలికపాము జానెడు దాటి పెరుగుతుందని చెప్పి చూడండి, మాత్ర ఎందుకని ఎవరూ అడగరు. "పరిశుభ్రత పాటించవలెను" అని గోడ మీద రాస్తే చదివేదెవరు?

అభ్యంతరం పెట్టాల్సింది అబద్ధాలకు. నిద్రలో మనిషి ఏటా 8 సాలీళ్లు మింగుతాడన్నది కల్పన, ఇప్పటికీ నిజంలా తిరుగుతోంది. వ్యాసకర్త కత్తెర అక్కడ పట్టాలి.

– ఒక విశ్రాంత సైన్స్ టీచర్, తెనాలి