ఉద్దానం అడిగే లెక్క

మార్చి రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినోత్సవం. ఆ సందర్భంగా ఈ సంచికను ఉద్దానానికి కేటాయించాం.

కొబ్బరి, జీడి తోటల శ్రీకాకుళం తీరమది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి ఇళ్లను గుల్ల చేస్తోంది. షుగరూ బీపీ లేని రైతులు, కూలీలు కూడా దీని బారిన పడుతున్నారు. మూలకారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు.

బాధితుల మొర, దీక్షలు, పత్రికల రాతలు కలిసి పాలకులను కదిలించాయి. డయాలసిస్ కేంద్రాలు, పింఛన్లు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, హిరమండలం నుంచి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. మంచిదే. కానీ వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకునే మనిషికి ఆనాటి కూలి ఎవరిస్తారు? తోడొచ్చిన భార్య పని మాటేమిటి?

ఈ జబ్బు చాలాకాలం బయటపడదు. కాళ్లు వాచేసరికే ఆలస్యమైపోతుంది. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు ఊళ్లోనే ఏటా జరగాలి. ఓట్లకు వచ్చేవారిని ఎన్ని పడకలు వేశారని అడిగితే చాలదు. ఎంతమందిని ఆ పడక ఎక్కకుండా ఆపారో కూడా అడుగుదాం.

— సంపాదకుడు