ఉద్యమ కేసు మచ్చ కాదు, దాచితేనే ముప్పు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో సేద్యం ఒక్కదాన్నే నమ్ముకుని నిలబడే ఇల్లు ఇప్పుడు తక్కువ. బోరు ఎండిన ఏడాది, మండీకి తోలిన టమోటాకు కోత కూలి కూడా రాని ఏడాది ఇంటిని ఆదుకునేది బయట పనికి పోయిన బిడ్డ జీతమే. కుప్పం నుంచి తెల్లారే రైలెక్కి బెంగళూరుకు పోయే పిల్లలు ఉన్నారు. హార్స్లీ కొండ కింది పల్లెల నుంచి సైన్యానికి, కేంద్ర బలగాలకు, కానిస్టేబుల్ పోస్టులకు ఏళ్ల తరబడి పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలు ఉన్నారు. రాత పరీక్ష, దేహదారుఢ్య పరీక్ష, వైద్య పరీక్ష దాటిన తర్వాత వీళ్ల ముందు చివరి గేటు ఒకటుంది. దాని పేరు పోలీసు వెరిఫికేషన్. నడవడిక, పూర్వాపరాల విచారణ అని కాగితాల్లో రాస్తారు.

ఇది పోలీసు, సైన్యం ఉద్యోగాలకే పరిమితం కాదు. రైల్వే, తపాలా, బ్యాంకు, ప్రభుత్వ బడి టీచరు ఉద్యోగాలకూ ఉంది. బెంగళూరులో రక్షణ రంగ ఫ్యాక్టరీల్లోకి కాంట్రాక్టు పనికి పోయేవాళ్లనూ పోలీసు సర్టిఫికెట్ అడుగుతారు. విమానాశ్రయంలో సామాను మోసే పనికైనా లోపలికి పోయే పాసు కావాలంటే విచారణ జరగాల్సిందే. కువైట్ వీసాకు పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలి. ఇంతమంది బతుకు ఈ కాగితంతో ముడిపడి ఉన్నప్పుడు రైతు సంఘం దీని గురించి మాట్లాడకుండా ఉండకూడదు.

మాట్లాడాల్సిన కారణం ఇంకొకటుంది. గిట్టుబాటు ధర కోసం, కరెంటు కోసం, సాగునీటి కోసం, పాల బకాయిల కోసం మనం రోడ్డెక్కుతున్నాం. రోడ్డెక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరి మీద కేసు పడుతోంది. ట్రాక్టరు తోలుకొచ్చిన కొడుకు, ఫోన్లో వీడియో తీసిన మనవడు కూడా ఎఫ్ఐఆర్‌లో ముద్దాయిలవుతున్నారు. ఎఫ్ఐఆర్‌లో పది పేర్లు రాసి, కింద "మరికొందరు" అని ఒక మాట వదులుతారు. ఆ మాటలోకి ఎవరి పేరైనా తర్వాత ఎక్కవచ్చు. 2023 ఆగస్టు 4న అంగళ్లులో, పుంగనూరులో జరిగిన గొడవల తర్వాత వందల మంది మీద కేసులు పడ్డాయి. అది పార్టీల గొడవ, దాని తప్పొప్పులు తేల్చేది కోర్టులు. కానీ గుంపు మీద కేసు పడితే దాని బరువు ఎన్ని ఇళ్ల మీద పడుతుందో మన ప్రాంతం అప్పుడు కళ్లారా చూసింది.

కాలమ్‌లో అడిగేది ఏమిటి

ఉద్యోగానికి ఎంపికైన వాళ్లకు అటెస్టేషన్ ఫారం అని ఒకటి ఇస్తారు. శాఖను బట్టి మాటలు మారినా అడిగేది దాదాపు ఇదే: నిన్ను ఎప్పుడైనా అరెస్టు చేశారా? నిర్బంధంలో ఉంచారా? బైండోవర్ చేశారా? జరిమానా వేశారా? కోర్టులో నీ మీద విచారణ జరిగిందా? శిక్ష పడిందా? ఇప్పుడు ఏదైనా కేసు నడుస్తోందా? ఫారం పైనే ఒక హెచ్చరిక ఉంటుంది. తప్పుడు సమాచారం ఇచ్చినా, నిజం దాచినా ఉద్యోగానికి అనర్హులవుతారని.

ఇక్కడే మన పిల్లలు చిక్కుకుంటున్నారు. "చిన్న కేసే కదా, రాయొద్దు" అని ఊళ్లో పెద్దమనుషులు, కోచింగ్ సెంటర్లో స్నేహితులు చెబుతారు. కేసు కొట్టేశారు కాబట్టి రాయనక్కర్లేదని ఒకరు, లోక్ అదాలత్‌లో రాజీ అయింది కాబట్టి లేనట్టేనని ఇంకొకరు. ఇవన్నీ మేలు కోరి చెప్పే మాటలే, కానీ ఉద్యోగం పోగొట్టే మాటలు. "ఎప్పుడైనా" అని అడిగినప్పుడు కొట్టేసిన కేసు కూడా అందులోకి వస్తుంది. ఎన్నికలప్పుడు తహసీల్దారు ముందు నిలబెట్టి సంతకం తీసుకున్న బైండోవర్ కూడా వస్తుంది. ధర్నా రోజు పొద్దున్నే స్టేషన్‌కు తీసుకుపోయి, ముందస్తు అరెస్టు అని కాగితం రాసి, సాయంత్రం వదిలేసినా అది అరెస్టే. పాత చట్టంలో దాన్ని 151 అనేవాళ్లు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 170వ సెక్షన్.

నిజం రాస్తే ఉద్యోగం పోతుందా? పోతుందని భయపడేవాళ్లు సుప్రీంకోర్టు 2016 జూలై 21న అవతార్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు గురించి తెలుసుకోవాలి. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయంలో అన్ని శాఖలకూ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. అభ్యర్థి నిజమే చెప్పాలన్నది మొదటి సూత్రం. కానీ చిన్న వయసులో నినాదాలు చేసినందుకు పడిన కేసులాంటి స్వల్ప విషయాన్ని రాయకపోయినా, శాఖ తన విచక్షణతో దాన్ని పట్టించుకోకుండా వదలవచ్చని కోర్టు స్పష్టంగా చెప్పింది. స్వల్పమైన కేసు నడుస్తోందని నిజం రాసినవాళ్లకు, ఆ కేసు తీర్పుకు లోబడి ఉద్యోగం ఇవ్వవచ్చనీ చెప్పింది. ఫారంలో అడగని విషయాన్ని దాచారని అనకూడదు. కేసు ఉందని అభ్యర్థికే తెలియనప్పుడు దాచారని నింద వేయకూడదు. అదే తీర్పులో రెండో వైపు కూడా ఉంది. ఒకటికి మించి నడుస్తున్న కేసులను దాస్తే అది కావాలని చేసిన మోసంగానే చూస్తారు. నిజం రాసినా అభ్యర్థి తగినవాడా కాదా అని చూసే హక్కు శాఖకు ఉంటుంది. పోస్టు పెద్దదయ్యే కొద్దీ కొలత కఠినమవుతుంది.

అంటే నిజం రాసినవాళ్లకు వాదించుకునేందుకు దారి ఉంది. దాచినవాళ్లకు ఆ దారి ఇరుకవుతుంది. 2022లో సుప్రీంకోర్టుకే ఇలాంటి వ్యవహారాలు రెండు వచ్చాయి. రైల్వే రక్షణ దళానికి ఎంపికైన పవన్ కుమార్‌కు ఉద్యోగం తిరిగి దక్కింది. కేంద్ర రిజర్వు పోలీసు దళానికి ఎంపికైన సతీశ్ చంద్ర యాదవ్ ఓడిపోయారు. కోర్టులో గెలిచినవాళ్లు కూడా ఏళ్ల జీతం, వయసు పోగొట్టుకున్నాకే గెలుస్తారు. ఆ జూదంలోకి మన బిడ్డలను తోయకూడదన్నదే మా మాట.

ఐదు వందల జరిమానా ఎంత ఖరీదు

మన సభ్యులు ఎక్కువగా పొరపడేది జరిమానా దగ్గర. రాస్తారోకో కేసులకు పాత శిక్షాస్మృతిలో 341, 143, 188 సెక్షన్లు పెట్టేవాళ్లు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 126, 189, 223 పెడుతున్నారు. కోర్టు చుట్టూ రెండేళ్లు తిరిగి విసిగిపోయిన రైతుకు "ఒప్పుకుని ఐదు వందలో వెయ్యో కట్టేయండి, ఈ రోజుతో అయిపోతుంది" అని ఎవరో చెబుతారు. అరవై ఏళ్ల రైతుకు ఆ రోజుతో అయిపోవచ్చు. పక్కనే నిలబడ్డ ఇరవై రెండేళ్ల కొడుక్కి మాత్రం అది నేరం ఒప్పుకుని శిక్ష పడిన రికార్డు. ఫారంలోని రెండు కాలమ్‌లకు అతను "అవును" అని రాయాలి. రాజీ వేరు, నేరం ఒప్పుకోలు వేరు. ఉద్యోగ వయసులో ఉన్న ఏ పిల్లవాడూ లాయరును అడగకుండా నేరం ఒప్పుకుని జరిమానా కట్టకూడదు. అడ్డగింత కేసును రాజీ చేసుకోవచ్చు. ఉత్తర్వు ఉల్లంఘన కేసునైతే సంబంధిత అధికారి స్వయంగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తేనే కోర్టు విచారణకు తీసుకోవాలి. ఏడాది లోపు శిక్ష ఉండే నేరాల్లో ఏడాది దాటితే కోర్టు విచారణకు తీసుకోవడానికి కాలపరిమితి అడ్డం వస్తుంది. పోరాడే దారులు ఇన్ని ఉండగా విసుగుతో ఒప్పుకోవడం ఎందుకు?

పద్దెనిమిదేళ్లు నిండకముందు పడిన కేసుల విషయం వేరు. బాల నేరస్తుల చట్టం 2015లోని 24వ సెక్షన్ ప్రకారం అలాంటి కేసు వల్ల అనర్హత రాకూడదు. పదహారేళ్లు దాటి, ఘోరమైన నేరంలో పెద్దవాళ్లతో సమానంగా విచారణ జరిగితేనే దీనికి మినహాయింపు.

ఈ విషయాన్ని ఎంత గట్టిగా పట్టించుకోవాలో 2022 జూన్ 17 చెబుతుంది. అగ్నిపథ్ పథకానికి వ్యతిరేకంగా ఆ రోజు సికింద్రాబాద్ స్టేషన్‌లో యువకులు రైలు పట్టాల మీదికి వచ్చారు. బోగీలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. అరెస్టయినవాళ్లలో చాలామంది సైన్యంలో చేరాలని ఏళ్లుగా కసరత్తు చేసినవాళ్లే. రెండు రోజులకే సైనికాధికారులు ఢిల్లీలో ప్రకటన చేశారు: నూటికి నూరు మందికీ పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, ఎఫ్ఐఆర్ ఉన్నవాళ్లను చేర్చుకోం అని. బోగీని తగలబెట్టడాన్ని మేము సమర్థించం. పోలీసు మీద చేయి చేసుకున్నవాడి తరఫున కూడా నిలబడం. కానీ నిప్పు పెట్టినవాడూ నినాదం ఇచ్చినవాడూ ఒకే కాలమ్‌లో ఇరుక్కోవడం న్యాయం కాదు.

ముందే చేసుకోవాల్సిన పనులు

నోటిఫికేషన్ వచ్చాక కాదు, ముందే సిద్ధం కావాలి. సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7న ఇచ్చిన ఆదేశం ప్రకారం, సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లన్నీ పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి. మీ స్టేషన్ పరిధిలో మీ పేరు ఎక్కడైనా ఉందేమో చూసుకోండి. ఈ-కోర్టుల సైట్‌లో పేరుతో వెతికితే కేసు ఏ దశలో ఉందో తెలుస్తుంది. కేసు కొట్టేసి ఉంటే ఆ తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసి ఇంట్లో పెట్టుకోండి. ఫారంలో కేసు నంబరు, సెక్షన్, స్టేషన్ పేరు, తీర్పు తేదీ రాసి, కాపీ జతచేస్తే విచారణకు వచ్చిన అధికారికీ పని సులువు. "ధర కోసం జరిగిన ధర్నాలో పడిన కేసు" అని ఒక వాక్యం రాయడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

చిరునామా, పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మార్కుల జాబితాలో, ఆధార్‌లో, రేషన్ కార్డులో ఒకేలా ఉన్నాయా చూడండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు మదనపల్లె చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాకు మారింది. పాత కాగితాల్లో ఒక జిల్లా, కొత్త కాగితాల్లో ఒక జిల్లా ఉంటే ఆ సంగతి ఫారంలో రాయండి. గత ఐదేళ్లలో బెంగళూరులోనో ఇంకెక్కడో ఉండి ఉంటే ఆ అద్దె ఇంటి చిరునామా కూడా అడుగుతారు. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలకు ఫైళ్లు ఆహుతైన సంగతి మనకు తెలుసు. ఆఫీసులో ఉందిలే అనుకోకుండా ప్రతి కాగితం నకలు ఇంట్లో ఉంచుకోవాలి.

ఇంకో మాట. ఫారం ఇచ్చేశాక కూడా బాధ్యత తీరదు. ఆ తర్వాత అరెస్టయినా, కేసు పడినా వెంటనే తెలపాలని ఫారాల్లో ఉంటుంది, తెలపకపోతే దాచినట్టే లెక్క. మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వస్తే ఎంపిక ఫలితాలు 2025లో వచ్చాయి. ఇంత కాలంలో ఎన్ని ధర్నాలు, ఎన్ని కేసులు!

లాయరుకు డబ్బులేదని ఆగకండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చేయవచ్చు, లేదా దగ్గర్లోని కోర్టు ఆవరణలో అడగవచ్చు.

సంఘం చేయాల్సింది, సర్కారు చేయాల్సింది

"అయితే పిల్లలను ధర్నాకు రానివ్వకపోతే సరి" అనే మాట ఇప్పుడు మన సమావేశాల్లో వినిపిస్తోంది. దీన్ని మేము ఒప్పుకోం. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమికూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. సేద్యం మీద పెరిగిన పిల్లవాడు సేద్యం కోసం నిలబడకపోతే రేపు నిలబడేది ఎవరు? పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టడం కాదు, సంఘం వాళ్లకు అండగా ఉండాలి. ప్రతి మండల కమిటీ ఒక కేసుల రిజిస్టరు పెట్టాలి. ధర్నా జరిగిన వారం లోపు ఎఫ్ఐఆర్ తీసి, ఎవరి పేర్లున్నాయో వాళ్లకు చెప్పాలి. ముందే రాతపూర్వకంగా పోలీసులకు తెలియజేయాలి, కార్యక్రమం మొత్తం వీడియో తీయించాలి. అక్కడ లేనివాడి పేరు ఎక్కితే ఆ వీడియోనే సాక్ష్యం.

ప్రభుత్వాన్ని మేము అడిగేది మూడు. హింస లేని రైతు ఆందోళనల కేసులను ఉపసంహరించాలి. కోర్టు అనుమతితో కేసు ఉపసంహరించే అధికారం ప్రాసిక్యూటర్‌కు సురక్షా సంహిత 360వ సెక్షన్‌లో ఉంది. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పైగా కూర్చున్న రైతులకు 2021 డిసెంబరు 9న కేంద్రం ఇచ్చిన లేఖలో కేసుల ఉపసంహరణ ఒక ముఖ్యమైన హామీ. అక్కడ ఒప్పుకున్నది ఇక్కడ ఎందుకు కుదరదు? రెండోది, కాలపరిమితి దాటినా చార్జిషీటు లేకుండా పడి ఉన్న ఎఫ్ఐఆర్‌లను మూసేయాలి. మూడోది, 2016 తీర్పులోని మార్గదర్శకాలను తెలుగులో ప్రతి స్టేషన్‌కు, ప్రతి నియామక బోర్డుకు పంపాలి. నినాదం చేసిన కేసును నేర చరిత్రగా రాసి పంపొద్దని స్పెషల్ బ్రాంచికి చెప్పాలి.

ప్రభుత్వం తన వంతు చేసేదాకా మన వంతు ఆపకూడదు. ఈ నెల మండల సమావేశాల్లో కేసుల రిజిస్టరు మొదటి అంశంగా పెట్టండి. ఇంట్లో ఉద్యోగానికి చదువుతున్న బిడ్డ ఉంటే వెంట తీసుకురండి.