కాలువ గట్టు మీద సైకిలు: ఢిల్లీలో ఏ వేళ తొక్కాలి?

ఆదివారం తెల్లవారకముందే ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల నుంచి సైకిల్ బృందాలు ఊరి బయటికి బయలుదేరతాయి. కొందరు మురాద్‌నగర్ వైపు గంగ కాలువకు, కొందరు సూరజ్‌కుండ్ మీదుగా ఆరావళి గుట్టలకు, మరికొందరు సుల్తాన్‌పూర్ పక్షుల చెరువు దాటి ఫరూఖ్‌నగర్ కోటకు. అంత పొద్దున్నే ఎందుకని అడిగితే సాధారణంగా రెండు కారణాలు వినిపిస్తాయి. ఆ వేళ రోడ్లు ఖాళీగా ఉంటాయి, గాలి స్వచ్ఛంగా ఉంటుంది. మొదటి మాట నిజమే. రెండోది మాత్రం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు దాదాపు తలకిందుల మాట.

బ్రహ్మముహూర్తపు గాలి ఆరోగ్యానికి మంచిదని మన ఇళ్లలో తరతరాలుగా వింటున్నదే. గోదావరి లంకల్లో అది నిజం కావచ్చు. ఉత్తరాది మైదానంలో చలికాలపు రాత్రి కథ వేరు. సూర్యాస్తమయం తర్వాత నేల తన వేడిని వేగంగా ఆకాశంలోకి విడిచిపెడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి అక్కడే నిలిచిపోతుంది. దానిపైన కాస్త వెచ్చని పొర మూతలా కూర్చుంటుంది. సాధారణంగా పైకి పోయేకొద్దీ గాలి చల్లగా ఉండాలి, ఇక్కడ అది తిరగబడుతుంది కనుక దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. రాత్రంతా తిరిగిన లారీల పొగ, చలిమంటల పొగ, ఇటుక బట్టీల పొగ ఆ మూత కిందే చిక్కుకుపోతాయి. మధ్యాహ్నం ఎండకు నేల వేడెక్కితే గాలి సుడులు తిరుగుతూ కిలోమీటరు ఎత్తుకు, ఒక్కోసారి అంతకు మించి కలుస్తుంది. జనవరి తెల్లవారుజామున ఆ కలిసే ఎత్తు చాలాసార్లు కొన్ని వందల మీటర్లు కూడా ఉండదు. అదే పొగ, దాన్ని పలచబరిచే చోటు మాత్రం తక్కువ. కాబట్టి చలికాలంలో గాలి తేటగా ఉండే వేళ మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల నడుమ. సైకిలిస్టులు ఇంటికి చేరి స్నానం చేసి కునుకు తీసే వేళన్నమాట.

సైకిలు తొక్కేవారికి ఈ తేడా మిగతావారి కంటే ఎక్కువ అవసరం. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు 8 లీటర్ల గాలి పీలుస్తాడనుకుందాం. ఓ మోస్తరు వేగంతో సైకిలు తొక్కేటప్పుడు అది 35 లీటర్లకు చేరుతుంది. గంటకు లెక్కేస్తే రెండు ఘనపు మీటర్లకు పైనే. ఘనపు మీటరుకు 250 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉన్న ఉదయం (ఢిల్లీ శీతకాలానికి ఇది అరుదైన అంకె కాదు) గంటసేపు తొక్కితే లోపలికి వెళ్లేది 500 మైక్రోగ్రాములకు పైనే. మన దేశపు వార్షిక ప్రమాణం 40 మైక్రోగ్రాములు. ఆ ప్రమాణానికి సరిపోయే గాలిలో ఇరవై నాలుగు గంటలూ విశ్రాంతిగా గడిపిన మనిషి లోపలికి వెళ్లేది సుమారు 460. ఒక గంట సైకిలు ఒక రోజు మొత్తాన్ని మించిపోయింది. ఇది ఉజ్జాయింపు లెక్కే, పీల్చిందంతా ఊపిరితిత్తుల్లో నిలవదు కూడా. అయినా తేడా ఏ స్థాయిలో ఉందో ఈ లెక్క చెబుతుంది.

అలాగని సైకిలు మానేయాలనడం తొందరపాటు. 2016లో ప్రివెంటివ్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం వ్యాయామం వల్ల లాభాన్ని, కాలుష్యం వల్ల నష్టాన్ని పక్కపక్కన పెట్టి తూచింది. ప్రపంచ నగరాల సగటు స్థాయి 22 మైక్రోగ్రాముల దగ్గర ఎంత తొక్కినా లాభమే ఎక్కువని తేలింది. 100 మైక్రోగ్రాములు ఉన్నచోట మాత్రం రోజూ గంటన్నర దాటి తొక్కితే నష్టం పైచేయి అవుతుందని ఆ లెక్క చెప్పింది. ఢిల్లీ వార్షిక సగటు ఇటీవలి ఏళ్లలో ఆ వంద చుట్టుపక్కలే తిరుగుతోంది. కానీ సగటు గాలిని ఎవరూ పీల్చరు. పీల్చేది ఫలానా నెలలో, ఫలానా గంటలో ఉన్న గాలి. ఆగస్టు వానల తర్వాత ఏ వేళ తొక్కినా దిగులు లేదు. మే, జూన్ నెలల్లో తెల్లవారుజామే సరైన వేళ. ఎండ దెబ్బ ఒక కారణమైతే, మధ్యాహ్నపు ఎండకు వాహనాల పొగలోని వాయువుల నుంచి ఓజోన్ తయారవడం మరో కారణం. చలికాలంలో మధ్యాహ్నం. ఇంత తేలికైన పట్టిక ఉన్నా సైకిల్ బృందాలు ఏడాది పొడుగునా ఒకే గంటకు అలారం పెట్టుకుంటున్నాయి.

అందుకు అసలు కారణం గాలి గురించిన నమ్మకం కాదు, లారీ. మధ్యాహ్నం మూడింటికి గురుగ్రామ్–ఫరీదాబాద్ రోడ్డు మీద సైకిలుతో వెళ్లమని ఎవరికీ చెప్పలేం. వాహనాలు లేని దారి దొరికేది ఆ చీకటి గంటల్లోనే కాబట్టి సైకిలిస్టు తేట గాలిని వదులుకుని ఖాళీ రోడ్డును ఎంచుకుంటున్నాడు. అతని ఎంపికలో తెలివితక్కువతనం లేదు, ఉన్న రెండు ప్రమాదాల్లో కంటికి కనిపించే దాన్ని తప్పించుకుంటున్నాడు. కార్లు, లారీలు రాని దారి పగలంతా అందుబాటులో ఉంటే ఈ బేరం పెట్టుకోవాల్సిన అవసరమే రాదు. అలాంటి దారులు కొత్తగా వేయనక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దంలోనే వేసి పెట్టారు.

ఎగువ గంగ కాలువను ప్రోబీ కాట్లీ 1842లో తవ్వడం మొదలుపెట్టించాడు. 1854లో నీళ్లు వదిలారు. హరిద్వార్ దగ్గర మొదలై రూర్కీ, ముజఫర్‌నగర్, మీరట్ ప్రాంతాల మీదుగా ఘాజియాబాద్ జిల్లాలో ఢిల్లీకి దగ్గరగా వస్తుంది. దారిలో చెరకు తోటలు, చలికాలంలో బెల్లం గానుగల వాసన, సర్ధనా దగ్గర బేగం సమ్రూ కట్టించిన చర్చి. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, అంటే రెండూ ఒకే కాలపు పనులు. కాటన్‌కు, కాట్లీకి మధ్య ఈ కాలువ గురించే పెద్ద వాదం నడిచింది. తలకట్టు కొండల అంచున మరీ ఎగువన పెట్టారన్నది కాటన్ విమర్శల్లో ఒకటి. వాలు ఎక్కువై నీరు అడుగును కోసేస్తోందన్నది కాలువ పారడం మొదలయ్యాక బయటపడిన చిక్కు. ఆ ‘ఎక్కువ వాలు’ అన్నది కిలోమీటరుకు పాతిక సెంటీమీటర్ల స్థాయి మాత్రమే. మిగతా దిగుడును కాలువ అక్కడక్కడ మెట్టులా దూకి సర్దుకుంటుంది.

నీటికి ఎక్కువైన ఆ వాలు సైకిలుకు లేనట్టే. మనిషి, సైకిలు కలిపి 85 కిలోలనుకుంటే ఆ వాలు వల్ల పడే భారం 0.2 న్యూటన్లు. చదునైన తారు దారిలో గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి సుమారు 70 వాట్లు చాలు. అందులో సగానికి పైగా గాలిని చీల్చడానికే పోతుంది, మిగిలింది టైరుకు, నేలకు మధ్య ఖర్చవుతుంది. అదే వేగంతో ఆరావళిలో నూటికి మూడు వంతుల ఎగువ వాలు ఎక్కాలంటే 190 వాట్ల పైమాట. అరవై ఏళ్ల పెద్దమనిషి, పదేళ్ల పిల్ల కలిసి తొక్కగలిగేది కాలువ గట్టు మీదే. ఎక్కువ శక్తి అంటే ఎక్కువ శ్వాస కాబట్టి, చదును దారిలో లోపలికి పోయే పొగ కూడా తక్కువే.

సరిగ్గా ఇక్కడే ప్రభుత్వాల ఆలోచన వేరే దారి పట్టింది. గంగ కాలువ ఒక గట్టు మీద ఇప్పటికే కావడి యాత్రికుల కోసం వేసిన రోడ్డు ఉంది. యాత్ర శ్రావణంలో కొన్ని రోజులే, ఏడాదంతా అది కార్ల దారి. రెండో గట్టు వెంబడి మురాద్‌నగర్ నుంచి పుర్కాజీ వరకు 111 కిలోమీటర్ల మేర మరో రోడ్డు పని మొదలైంది. దానికోసం మొదట లక్షకు పైగా చెట్లు కొట్టాలన్నారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2024లో తనంతట తానే విచారణకు తీసుకోవడంతో ఆ అంకె సుమారు 33 వేలకు దిగింది. 33 వేలు కూడా చిన్న అంకె కాదు. ఆ చెట్లు పీఎం 2.5ను పీల్చేసి గాలిని శుభ్రం చేస్తాయన్న వాదన అంత బలమైనది కాదని ఒప్పుకోవాలి. వరస చెట్లు పట్టి ఉంచే ధూళి, మైదానమంతా కమ్ముకున్న పొగ ముందు తక్కువే. వాటి విలువ నీడలో ఉంది. మే నెల ఉదయం తొమ్మిదికి కూడా తొక్కగలిగేలా చేసేది ఆ నీడే.

ఢిల్లీ నుంచి దూరంగా వెళితే గాలి బాగుంటుందన్న ఆశ కూడా సగమే నిజం. పంటపొలాల మధ్య వాహనాల తాజా పొగ ఉండదు, రోడ్డుకు రెండు మూడు వందల మీటర్ల దూరం జరిగినా దాని తీవ్రత బాగా తగ్గుతుంది. కానీ పీఎం 2.5 మైదానమంతటి సమస్య. మీరట్ చెరకు తోటలోనూ జనవరి తెల్లవారుజాము తెల్లవారుజామే. చోటు మార్చడం కంటే వేళ మార్చడం వల్ల ఎక్కువ లాభం.

గట్టు మీద తారు వేయకపోతే సైకిలు ఎలా నడుస్తుందన్న ప్రశ్న వస్తుంది. గట్టిగా దిమ్మిస చేసిన మట్టి దారిలో, కాస్త వెడల్పు టైరుతో, అదే 70 వాట్ల శ్రమకు వేగం 18 నుంచి 15కు తగ్గుతుంది. ముప్పై కిలోమీటర్ల షికారుకు ఇరవై నిమిషాలు అదనం. కార్లకు మాత్రం ఆ దారి అంతగా రుచించదు. అదే కావాల్సింది.

కొత్తగా కట్టడం మీద ఉన్న మోజు, ఉన్నదాన్ని కాపాడటం మీద ఉండదు. అంబేద్కర్ నగర్–మూల్‌చంద్ బస్సు కారిడార్‌తో పాటు 2008లో వచ్చిన సైకిల్ ట్రాక్ ఆ కారిడార్ తొలగింపుతో 2016లో పోయింది. దక్షిణ ఢిల్లీ పచ్చదనాన్ని, కోటలను కలుపుతూ సుమారు 200 కిలోమీటర్ల సైకిల్ దారికి 2020 జనవరిలో తుగ్లకాబాద్ దగ్గర శంకుస్థాపన చేశారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సౌర పైకప్పు ట్రాక్ ఈ విషయంలో మెరుగు. నీడ ఉంది, కార్లు లేవు, ఏ వేళైనా తొక్కవచ్చు. కాకపోతే పక్కనే ఎనిమిది వరసల రహదారి పొగ.

అన్ని చోట్లకూ సైకిలు వెళ్లాలని కూడా లేదు. సూరజ్‌కుండ్, అనంగ్‌పూర్‌ల తోమర్ల కాలపు కట్టడాలు దాటాక వచ్చే మాంగర్ బనీ ఊరివాళ్లు దేవుడి వనంగా కాపాడుకున్న అడవి. చుట్టూ ఢిల్లీ రిడ్జ్‌ను సర్కారు తుమ్మ ఆక్రమించినా అక్కడ ధౌ చెట్లు ఇంకా దట్టంగా ఉన్నాయి. అంచున సైకిలు ఆపి దిగి నిలబడి చూడటమే ఆ చోటుకు మర్యాద. రాళ్ల మీద టైర్ల జాడలు వేసుకుంటూ పోవడానికి వేరే గుట్టలున్నాయి.

కాలువ గట్లకు కావాల్సింది మాత్రం చాలా తక్కువ. 1873 నాటి ఉత్తర భారత కాలువల చట్టం నిబంధనలకు విరుద్ధంగా గట్ల మీద వాహనాలు నడపడాన్ని అప్పుడే నేరంగా చూసింది. నిబంధనలు రాసే అధికారం ఇరిగేషన్ శాఖల చేతిలోనే ఉంది. వంతెన దగ్గర గట్టు మొదలయ్యే చోటల్లా మీటరున్నర ఎడంతో ఇనుప స్తంభాలు పాతి, మధ్యదానికి తాళం వేసి, తాళంచెవి లష్కరు దగ్గర ఉంచితే శాఖ జీపు వెళుతుంది, రైతు సైకిలు వెళుతుంది, కారు వెళ్లదు. దాంతో పాటు ఆ స్తంభం పక్కన ఒక చిన్న బోర్డు కూడా పెట్టవచ్చు. యాప్‌లో కనిపించే వాయు నాణ్యత సూచీ గత 24 గంటల సగటు కాబట్టి, బోర్డు మీద దాన్ని కాకుండా గంట గంటకూ మారే పీఎం 2.5 అంకెను చూపాలి. జనవరిలో ఉదయం ఆరుకు, మధ్యాహ్నం మూడుకు ఆ అంకెలు పక్కపక్కన కనిపిస్తే అలారం ఎప్పటికి పెట్టుకోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.