ఇంట్లో పోసిన వానపాము

గాలానికి వానపాము గుచ్చడం అందరికీ తెలుసు. ఆ వానపామునే రబ్బరులా మెత్తటి ప్లాస్టిక్‌తో ఇంట్లో అచ్చు పోసే పిచ్చివాళ్లూ ఉన్నారు, నాలాగా. 1949లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో నిక్ క్రీమ్ అనే మెషినిస్టు, భార్యతో కలిసి వంటింట్లోనే ఈ పని మొదలెట్టాడు.

ముడిసరుకు పేరు ప్లాస్టిసాల్. పీవీసీ పొడిని ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవంలో కలిపితే వచ్చేది. చూడ్డానికి పాలలా ఉంటుంది. వేడి చేస్తే ముందు ముద్దలా గడ్డకడుతుంది. పాడైపోయిందని ఇక్కడే చాలామంది పారబోస్తారు. కాస్త ఆగండి బాస్! సుమారు 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ ముద్దే మళ్లీ కరిగి తేనెలా జారుతుంది. అచ్చులో పోయాల్సింది అప్పుడే.

200 దాటనిచ్చారా, పసుపెక్కి మాడుతుంది. మాడిన పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. కళ్లూ గొంతూ మండిపోతాయి, ఊపిరితిత్తులకీ దెబ్బే. గుడ్డ మాస్క్ దీన్ని ఆపదు. ఆరుబయట చేయండి, యాసిడ్ వాయువులకి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్క్ పెట్టుకోండి. థర్మామీటర్ లేకుండా అసలు మొదలెట్టొద్దు. అమ్మ మైక్రోవేవ్ జోలికి వెళ్లకండి. దీనికి వాడిన ఓవెన్, గిన్నె మళ్లీ తిండికి పనికిరావు.

అచ్చుకి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చాలు. కానీ లోపల తడి మిగిలితే ఆవిరై, వేడి ప్లాస్టిక్ మొహం మీదకి చిమ్ముతుంది. కొన్ని రోజులు బాగా ఆరబెట్టి, ఎపాక్సీ పూత వేయాలి. గ్లవ్స్, కళ్లద్దాలు ఎలాగూ తప్పవు.

డబ్బు మిగులుతుందని మాత్రం ఇందులోకి రావద్దు, మిగలదు. మజా అంతా మార్చి చూడటంలో ఉంది. తోక కాస్త పలచన చేస్తే నీళ్లలో ఇంకా ఎక్కువ ఊగుతుంది. ఉప్పు కలిపితే బరువెక్కి త్వరగా మునుగుతుంది. మన కొరమీను గాలి పీల్చడానికి పైకొచ్చే చేప. దానికోసమైతే ఉప్పు మానేసి కప్ప ఆకారం పోయండి, నాచు మీదుగా లాగొచ్చు.

తయారైనవాటిని గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో దాచకండి, కొన్ని రకాల డబ్బాల్ని ఇవి కరిగించేస్తాయి. తెగిన ముక్కల్ని చెరువులో వదలొద్దు. చేప మింగితే కడుపులో ఉబ్బి అడ్డంపడే ప్రమాదం ఉంది. పైగా ఆ ముక్కల్ని మళ్లీ కరిగించి పోసుకోవచ్చు. జేబులో ఒక జిప్ కవర్ పెట్టుకెళ్లండి, రంగులవారీగా అయితే ఇంకా మంచిది.